వైద్య పరిశోధన – ప్రజల సమ్మతి – మాతృభాష

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



తరతరాలుగా ఈ ఉత్తరార్కాటు సీమలో స్థిరపడి, ఇంట తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకుంటూ రెండు భాషలనూ రెండు కళ్ళుగా చూసుకుంటున్న కుటుంబాల బిడ్డలకు డెబ్బై ఐదేళ్ళుగా ఓనమాలు నేర్పుతున్న విద్యాలయం మనది. ఈ ఉత్సవాలలో మాట్లాడవలసిందిగా నిర్వాహకులు ఆదేశించినప్పుడు, వృత్తిరీత్యా వైద్యవిద్యను బోధించేవాణ్ణి కనుక వైద్య పరిశోధన గురించి చెప్పుదునని విన్నవించుకున్నాను. తెలుగు మాధ్యమ పాఠశాలకూ వైద్య పరిశోధనకూ ఏమి సంబంధమని కొందరికి సందేహం కలగవచ్చు. ఆ సంబంధం చాలా దగ్గరిదని నా విశ్వాసం. అదేమిటో నిరూపించుటయే ఈ ప్రసంగ లక్ష్యం.

పెద్ద వైద్య కళాశాలకు అనుబంధంగా ఉండే ఆసుపత్రి మామూలు ఆసుపత్రి వంటిది కాదు. అక్కడ మూడు పనులు ఏకకాలంలో సాగుతాయి. రోగికి చికిత్స చేయడం మొదటిది. రేపటి వైద్యులను, నర్సులను తయారు చేయడం రెండవది. ఇంతవరకు ఎవరికీ తెలియని విషయాన్ని కనుగొనడం మూడవది. ఈ మూడూ ముప్పేట త్రాడు వంటివి. చికిత్స చేసేటప్పుడు సందేహం పుడుతుంది. ఆ సందేహాన్ని విద్యార్థి నిర్భయంగా అడుగుతాడు. సమాధానం పుస్తకాల్లో దొరకనప్పుడు పరిశోధన మొదలవుతుంది. పరిశోధనలో తేలిన సత్యం తిరిగి రోగి మంచం వద్దకే చేరుతుంది.

ఇందుకు నిదర్శనం వెదకడానికి మనం దూరదేశాలకు పోనవసరం లేదు. మన వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాల ఉన్నది. 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ ఒకే ఒక్క మంచంతో ప్రారంభించిన వైద్యశాల అది. 1918లో స్త్రీలకు వైద్యవిద్య నేర్పే పాఠశాల అయింది. 1942లో కళాశాల స్థాయికి ఎదిగింది. 1947 నుంచి పురుషులకు కూడా ప్రవేశం లభించింది. ఆ కాలంలోనే అక్కడికి వచ్చిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వేళ్ళు ఎందుకు అరిగిపోతున్నవని ప్రశ్నించుకున్నాడు. రోగం వల్ల మాంసం కుళ్ళి వేళ్ళు రాలిపోతాయని లోకం నమ్ముతున్న రోజులవి. స్పర్శజ్ఞానం పోవడం చేత రోగులు తమకు తెలియకుండానే కాల్చుకుంటున్నారని, కోసుకుంటున్నారని, ఆ గాయాలే వేళ్ళను హరిస్తున్నాయని ఆయన గ్రహించాడు. వంకరపోయిన చేతులను శస్త్రచికిత్సతో సరిచేసి, మళ్ళీ పనికి వచ్చేటట్లు చేశాడు. శాపమని, పాపమని శతాబ్దాలుగా చెప్పుకున్నదానికి సరియైన కారణం ఒక ప్రశ్న వల్ల బయటపడింది.

అయితే నేను ఈ రోజు విస్తరించి చెప్పదలచుకున్నది అంతకన్న సామాన్యమైన వ్యాధి గురించి. అది పసిపిల్లల విరేచనాల వ్యాధి.

మన అమ్మమ్మల కాలంలో ప్రతి ఇంటా ఈ వ్యాధికి బలియైన పసికందు ఒకరైనా ఉండేవారు. పండ్లు వచ్చేటప్పుడు విరేచనాలు సహజమని అనుకునేవారు, దిష్టి తగిలిందనేవారు, నీరు పడలేదనేవారు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని కలరా రోగుల చేత త్రాగించి, నూటికి ముప్పై వరకు ఉన్న మరణాలను నాలుగు లోపునకు తగ్గించగలిగారు. అదే నేడు మనం ఓ.ఆర్.ఎస్. అని పిలిచే పొట్లం. అయినప్పటికీ పసిపిల్లల మరణాలు పూర్తిగా ఆగలేదు. ఒక రకపు విరేచనాల వ్యాధిలో వాంతులు అధికంగా ఉండి, పోసిన నీరు లోపల నిలిచేది కాదు. పల్లెలో ఉన్న తల్లి బిడ్డను చంకనెత్తుకొని ఆసుపత్రికి చేరేసరికే ఆలస్యమైపోయేది.

ఆ వ్యాధికి మూలమైన సూక్ష్మజీవిని 1973లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ నగరంలో రూత్ బిషప్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు కనుగొన్నారు. సూక్ష్మదర్శినిలో చక్రం ఆకారంలో కనిపించింది కనుక, లాటిన్ భాషలో చక్రమనే అర్థం వచ్చే మాటతో దానికి రోటా వైరస్ అని పేరు వచ్చింది. టీకా రాకమునుపు మన దేశంలో ఏటా ఐదేళ్ళ లోపు పిల్లలు సుమారు 78 వేల మంది ఈ ఒక్క వైరస్ మూలంగా మరణించేవారని, ఎనిమిదిన్నర లక్షలకు పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యేవారని పరిశోధకులు అంచనా వేశారు. చేతులు శుభ్రంగా కడుక్కోవాలి, నీరు కాచి త్రాగాలి. అందులో సందేహం లేదు. కాని ఈ వైరస్ ధనికుల ఇళ్ళలోని పిల్లలకూ సోకుతుంది. పరిశుభ్రత ఒక్కటే దీనిని ఆపజాలదని తేలిన పిమ్మట టీకా అవసరమైంది.

టీకా తయారు చేయడానికి ముందు తెలుసుకోవలసిన విషయం ఒకటున్నది. ఒకసారి ఈ వ్యాధి సోకిన బిడ్డకు మళ్ళీ రాకుండా శరీరం తనను తాను కాపాడుకొనగలదా? మెక్సికో నగరంలో 200 మంది శిశువులను పరిశీలించి 1996లో వెలువరించిన ఫలితాల ప్రకారం, రెండుసార్లు సోకిన బిడ్డకు ఆ తరువాత తీవ్రమైన జబ్బు రాలేదు. మన పిల్లల విషయంలోనూ అంతేనా అన్న ప్రశ్నకు ఎవరి వద్దా జవాబు లేదు. ఆ జవాబును వెదికినది మన వెల్లూరు.

డాక్టర్ గగన్‌దీప్ కాంగ్, వారి సహచరులు 2002-2003 సంవత్సరాలలో వెల్లూరు పట్టణంలోని రామనాయకన్ పాళెయం, చిన్నల్లాపురం, కస్పా పేటలలో పుట్టిన పిల్లలను ఎన్నుకొని, మూడేళ్ళ వయస్సు వచ్చేవరకు పరిశీలించారు. బీడీలు చుట్టి పొట్ట పోసుకునే కుటుంబాలు, రోజుకూలీ కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఇరుకు వీధులవి. ఆరోగ్య కార్యకర్తలు వారానికి రెండు పర్యాయాలు ప్రతి ఇంటి గడప తొక్కారు. పక్షానికొకసారి, విరేచనాలైనప్పుడెల్లా అదనంగా, బిడ్డ మలాన్ని చిన్న డబ్బాలో సేకరించి పరీక్షకు తీసుకొనిపోయారు. మూడేళ్ళపాటు ఈ పనికి విసుగుచెందకుండా తలుపు తీసిన తల్లులను ఒకసారి ఊహించుకొనండి. వంట మధ్యలో, పని మధ్యలో, చంటిబిడ్డ ఏడుస్తుండగా, అడిగిన ప్రశ్నలే మళ్ళీ అడిగితే చెప్పిన జవాబులే మళ్ళీ చెప్పారు.

పూర్తికాలం నిలిచిన 373 మంది పిల్లల వివరాలు 2011లో ప్రచురితమైనాయి. ఆరు నెలలు నిండేలోపే సగానికి మించిన పిల్లలకు వైరస్ సోకింది. మూడుసార్లు సోకిన తరువాత కూడా తీవ్ర వ్యాధి నుంచి లభించిన రక్షణ నూటికి 79 పాళ్ళు మాత్రమే. అనగా మెక్సికోలో రెండుసార్లతో దొరికిన పూర్ణరక్షణ వెల్లూరులో మూడుసార్లకు కూడా దొరకలేదు. దీని తాత్పర్యం ఏమిటి? పరదేశంలో బాగా పనిచేసిన టీకా మన బిడ్డలకు కూడా అంతే చక్కగా పనిచేస్తుందని గుడ్డిగా నమ్మరాదు. మన బిడ్డల సంగతి మన బిడ్డల వద్దనే తెలుసుకోవాలి. ఈ గొప్ప శాస్త్రసత్యాన్ని లోకానికి అందించినవారు ఎవరు? పరిశోధకులతోపాటు రామనాయకన్ పాళెయపు తల్లులు కూడా అని నేనంటాను.

ఇక టీకా కథ. 1980 దశకం మధ్యభాగంలో ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో, అప్పుడే పుట్టిన శిశువులు ఉండే గదిలో కొందరికి రోటా వైరస్ సోకింది. విచిత్రమేమంటే వారికి జబ్బు చేయలేదు. పైగా తరువాత కాలంలో తీవ్రమైన విరేచనాల నుంచి వారికి రక్షణ లభించింది. డాక్టర్ మహారాజ్ కిషన్ భాన్, వారి బృందం ఆ వైరస్‌ను వేరుచేసి దానికి 116-ఇ అని గుర్తు పెట్టారు. అనేక సంవత్సరాల శ్రమ తరువాత, పలు దేశాల సంస్థల సహకారంతో, హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ దానితో నోటి చుక్కల టీకా తయారుచేసింది. రోటావాక్ అని దాని పేరు.

తయారైన మందు పనిచేస్తుందో లేదో చెప్పవలసినవారు తయారుచేసినవారు కారు. కాకి పిల్ల కాకికి ముద్దు కదా! అందుకే పరీక్ష కావాలి. ఆ పరీక్ష ఢిల్లీ, పుణె ప్రాంతం, వెల్లూరు అనే మూడు చోట్ల 6,799 మంది శిశువులపై జరిగింది. ఆరు, పది, పద్నాలుగు వారాల వయస్సులో చుక్కలు వేశారు. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి నిజమైన టీకా, ఒకరికి మందు లేని చుక్కలు. ఎవరికి ఏది అన్నది చీటీలు వేసినట్లు యాదృచ్ఛికంగా నిర్ణయింపబడింది. ఏ బిడ్డకు ఏది పడిందో తల్లికి తెలియదు, చుక్కలు వేసినవారికి తెలియదు, జబ్బు తీవ్రతను లెక్కించిన వైద్యునికి సైతం తెలియదు. తెలిసినట్లయితే మనస్సు ఒక వైపు మొగ్గుతుంది. పక్షపాతం మనుష్య సహజం. దానిని తొలగించడానికే ఈ ఏర్పాటు. ఏ వర్గంలోని బిడ్డకు జబ్బు చేసినా చికిత్స మాత్రం సమానంగా అందించారు.

ఫలితం 2014లో ప్రకటించారు. ఇక్కడ కూర్చున్న గణిత ఉపాధ్యాయుల అనుమతితో ఒక చిన్న లెక్క చెబుతాను. పిల్లలందరూ పరిశీలనలో ఉన్న కాలాన్ని సంవత్సరాలుగా కూడితే, టీకా వర్గంలో 4,752 సంవత్సరాలకు 71 తీవ్రమైన కేసులు వచ్చాయి. రెండవ వర్గంలో 2,360 సంవత్సరాలకు 76 కేసులు. వెయ్యి సంవత్సరాల చొప్పున చూస్తే ఒక వైపు 15, మరొక వైపు 32. అంటే సగానికి మించి జబ్బు తగ్గింది. కచ్చితంగా చెప్పాలంటే నూటికి 53.6 పాళ్ళు. ‘ఇంతేనా?’ అని పెదవి విరిచేవారు ఉండవచ్చు. సంపన్న దేశాలలో ఇతర రోటా టీకాలు ఇంతకన్న ఎక్కువ రక్షణ ఇచ్చిన మాట నిజమే. కాని వెల్లూరు పిల్లల మూడేళ్ళ పరిశీలన ముందుగానే హెచ్చరించినది ఇదే. లక్షల మంది ఆసుపత్రి పాలయ్యే దేశంలో సగం తగ్గడం సామాన్యం కాదు.

ఈ పరీక్షలో పాల్గొన్న పిల్లలలో మొత్తం 42 మంది వివిధ కారణాలతో చనిపోయారు. టీకా వర్గంలో 25 మంది, మందు లేని చుక్కల వర్గంలో 17 మంది. టీకా వర్గంలోని పిల్లల సంఖ్య రెట్టింపని మరువరాదు. ఏ ఒక్క మరణానికీ టీకా కారణం కాదని నిర్ధారించారు. ఈ వేడుక వేళ మరణాల ప్రస్తావన ఎందుకని మీరు అనుకోవచ్చు. ప్రతి మరణాన్నీ లెక్కించి, విచారించి, అచ్చులో అందరి ముందు పెట్టడమే నిజమైన పరిశోధనకు గుర్తు. దాచిపెట్టినది శాస్త్రం కాదు.

పరీక్ష ముగిసినంత మాత్రాన బాధ్యత తీరదు. 1998లో అమెరికాలో అనుమతి పొందిన మొట్టమొదటి రోటా టీకాను, కొందరు పిల్లలకు ప్రేగు ఒకదానిలో ఒకటి చొచ్చుకొనిపోయే ప్రమాదం కలిగినందున 1999లో ఉపసంహరించుకున్నారు. ఏడు వేల మందిలో కనిపించని ప్రమాదం లక్షల మందికి వేసినప్పుడు కనిపించవచ్చును. 2016 మార్చిలో రోటావాక్ ప్రభుత్వ టీకాల కార్యక్రమంలో ప్రవేశించింది. మొదట ప్రవేశపెట్టిన నాలుగు రాష్ట్రాలలో మన ఆంధ్రప్రదేశ్, మన వారు అనేకులు నివసించే ఒడిశా కూడా ఉన్నాయి. మరుసటి సంవత్సరం తమిళనాడుకు కూడా రోటా టీకా వచ్చింది. ఆనాటి నుంచే దేశంలోని 27 ఆసుపత్రులలో ప్రేగు చొచ్చుకొనిపోయిన పిల్లలను గుర్తించి వివరాలు సేకరించారు. ఈ టీకాకూ ఆ జబ్బుకూ సంబంధం కనిపించలేదని 2020లో ప్రకటించారు.

ఇంతవరకు శాస్త్రం గురించి చెప్పాను. ఇప్పుడు ఈ సభకు ముఖ్యమైన విషయానికి వస్తాను. ఈ పరిశోధనలకు ఆధారం ఏమిటి? పరికరాలా? ధనమా? విద్వాంసులా? ఇవన్నీ కావలసినవే. కాని వీటన్నిటికన్న ముందు ఒక తల్లి ‘సరే’ అనవలసి ఉన్నది. ఆ ‘సరే’ అన్న మాట విషయం తెలిసి అన్నదా, తెలియక అన్నదా? ఇష్టంతో అన్నదా, కాదంటే రేపు చికిత్స దొరకదేమోనన్న భయంతో అన్నదా? పరిశోధన యొక్క ధర్మాధర్మాలన్నీ ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉన్నాయి.

ఇందుకు విరుద్ధంగా జరిగిన ఒక ఉదంతం తెలుగునాటనే ఉన్నది. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లోని వడోదర జిల్లాలో పది నుంచి పద్నాలుగు ఏళ్ళ బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. టీకా పొందిన బాలికలలో ఏడుగురు తరువాత చనిపోయారన్న వార్తతో 2010 ఏప్రిల్‌లో ఆ అధ్యయనాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణమన్న ఆధారం విచారణ సంఘానికి కనబడలేదు. ఆ టీకా మంచిదేనని, క్యాన్సర్‌ను తగ్గిస్తున్నదని అనేక దేశాల అనుభవం వల్ల తరువాత రుజువైంది కూడా. కాని సమ్మతి పత్రాలు పరిశీలించినప్పుడు తేలినదేమిటి? ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాలలో 2,763 పత్రాల మీద సంతకాలు చేసినవారు వసతిగృహాల వార్డెన్లు. 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది.

ఉపాధ్యాయ మిత్రులారా! తండ్రి తరువాత తండ్రి వంటివాడు గురువు అని మన సంప్రదాయం. ఆ గౌరవాన్ని కాపాడుకుంటూనే ఒక మాట గుర్తుంచుకుందాం. గురువు తండ్రి వంటివాడే గాని, తండ్రికి మారుగా సంతకం చేయగల అధికారి కాడు. ఆ వార్డెన్లు దురుద్దేశంతో సంతకం చేసి ఉంటారని నేననను. పైనుంచి వచ్చిన కాగితం, పిల్లలకు మేలు చేసే టీకా, తల్లిదండ్రులు ఎక్కడో కొండపల్లెలో ఉన్నారు, సంతకం చేస్తే ఏమి అని అనుకొని ఉంటారు. సరిగ్గా ఆ సద్భావమే అపాయకరం. మంచి టీకా సైతం చెడ్డ సమ్మతి వల్ల అప్రతిష్ఠ పాలైంది. ప్రజల నమ్మకం ఒకసారి చెదిరితే మళ్ళీ కూడగట్టుకోవడం ఎంత కష్టమో ఆరోగ్య కార్యకర్తలను అడిగితే చెప్పుదురు.

ఇప్పుడు మొదట నేను చెప్పిన సంబంధం వద్దకు వచ్చాము. సమ్మతికి ప్రాణం భాష. భారత వైద్య పరిశోధనా మండలి 2017లో వెలువరించిన మార్గదర్శక సూత్రాల ప్రకారం పరిశోధన వివరాలను పాల్గొనేవారికి అర్థమయ్యే భాషలో తెలియజెప్పి తీరాలి. చదువురానివారికి చదివి వినిపించాలి, నిష్పక్షపాతియైన సాక్షి దగ్గర ఉండాలి. ఏడేళ్ళు దాటిన బిడ్డ విషయంలో తల్లిదండ్రుల అనుమతి ఒక్కటే చాలదు, బిడ్డకు కూడా వయస్సుకు తగినట్లు చెప్పి అంగీకారం తీసుకోవాలి.

సూత్రం బాగుంది. ఆచరణలో ఏమవుతున్నది? వెల్లూరు ఆసుపత్రి వసారాలలో నడిచి చూడండి. తమిళం, తెలుగు, బెంగాలీ, హిందీ అన్నీ వినిపిస్తాయి. చిత్తూరు వైపు నుంచి వచ్చే తెలుగువారికి కొదువలేదు. ఎదురుగా ఉన్న పత్రం ఆంగ్లం నుంచి మాటకు మాట తెచ్చిన అనువాదమైనప్పుడు, తెలుగు లిపిలో ఉన్నంత మాత్రాన అది తెలుగు కాజాలదు. ‘యాదృచ్ఛిక నియంత్రిత ప్రయోగం’ అని వ్రాస్తే పండితుడు కూడా తడబడతాడు. ‘మీ బిడ్డకు టీకా వేయాలా, మందు లేని చుక్కలు వేయాలా అన్నది మేము ఎంచము, చీటీ వేసినట్లు నిర్ణయమవుతుంది’ అంటే చదువురాని అవ్వకు కూడా బోధపడుతుంది. ‘ప్రతికూల సంఘటన’ అనడానికి బదులు ‘టీకా తరువాత బిడ్డకు వచ్చిన ఏ ఇబ్బంది అయినా’ అంటే సరిపోతుంది. మన ప్రాంతంలో మరొక చిక్కు కూడా ఉన్నది. ఇంట్లో తెలుగు మాట్లాడి, తమిళం మాత్రమే చదవగలిగినవారు అనేకులు. వారికి తెలుగు కాగితం ఇచ్చి సంతకం అడిగితే లాభం లేదు. చెవికి వినిపించే తెలుగు కావాలి.

ఈ పని వైద్యులు ఒక్కరే చేయలేరు. వారి విద్య అంతా ఆంగ్లంలో సాగుతుంది. విషయం వారికి తెలుసు, మాట మీకు తెలుసు. పరిశోధన జరిపే ప్రతి సంస్థలోనూ నైతిక సమీక్షా సంఘం ఉండాలి. అందులో వైద్యులే గాక న్యాయశాస్త్రం తెలిసినవారు, సమాజశాస్త్రం తెలిసినవారు, సామాన్య పౌరులు కూడా సభ్యులుగా ఉండాలని నియమం. ఆ పౌరుని పని ఏమిటో తెలుసా? సమ్మతి పత్రం తనకు అర్థమయిందా లేదా అని చెప్పడం. భాష తెలిసి, పిల్లల మనస్సు తెలిసి, అర్థం కానిది అర్థం కాలేదని నిర్మొహమాటంగా చెప్పగల విశ్రాంత ఉపాధ్యాయునికన్న ఇందుకు తగినవారు ఎవరు? ఈ పాఠశాలలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దలు ఈ సేవకు ముందుకు రావాలని నా విన్నపం. ఎనిమిదవ తరగతి పిల్లవాడు చదివి, తన అవ్వకు వివరించగలిగితేనే ఆ పత్రం సరియైనదని నా కొలబద్ద.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు. మీ ఇంటికి, మీ బిడ్డ పాఠశాలకు, మీరు వెళ్ళిన ఆసుపత్రికి ఎవరైనా వచ్చి పరిశోధనలో చేరమని అడిగితే భయపడి తలుపు వేసుకోవద్దు. అలాగని కళ్ళు మూసుకొని సంతకం కూడా చేయవద్దు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. కనుక అడగండి. ఇది చికిత్సా, పరిశోధనా? నా బిడ్డకు ఏమి చేస్తారు, ఎన్నిసార్లు, ఎంతకాలం? లాభమేమిటి, అపాయమేమిటి? మేము చేరకపోతే ఇప్పుడు అందుతున్న వైద్యం ఆగుతుందా? మధ్యలో మానుకోవచ్చునా? హాని జరిగితే వైద్య ఖర్చు, పరిహారం ఎవరు భరిస్తారు? సంతకం చేసిన పత్రం ప్రతి ఒకటి మాకిస్తారా? ఇవన్నీ మీ హక్కులు. చేరనన్నా, మధ్యలో మానుకున్నా చికిత్సలో లోటు చేయరాదు. పరిశోధన వల్ల హాని కలిగితే వైద్యం, నష్టపరిహారం అందవలసిందే. ఈ ప్రశ్నలకు విసుక్కునేవారి వద్ద సంతకం చేయనవసరం లేదు. ఓర్పుతో జవాబు చెప్పేవారిని నమ్మవచ్చును.

వైద్యుణ్ణి దైవంతో పోల్చి గౌరవించే సంప్రదాయం మనది. దైవాన్ని ప్రశ్నించడం అపచారమేమో గాని, వైద్యుణ్ణి ప్రశ్నించడం అపచారం కాదు. ప్రశ్న అడిగిన పాల్ బ్రాండ్ వేల చేతులను నిలబెట్టాడు. మెక్సికో ఫలితాన్ని ప్రశ్నించిన వెల్లూరు పరిశోధకులు మన పిల్లల సంగతిని వెలుగులోకి తెచ్చారు. ప్రశ్నించేవారు ఉన్నచోటనే పరిశోధన పవిత్రంగా ఉంటుంది.

పూర్వ విద్యార్థి మిత్రులారా! మనలో వైద్యులైనవారు, నర్సులైనవారు, మందుల సంస్థలలో ఉద్యోగులైనవారు ఉన్నారు. మన వృత్తిలో ఎంత ఆంగ్లం మాట్లాడినా, రోగి ఎదుట తెలుగులో, తమిళంలో సూటిగా చెప్పగల శక్తిని కోల్పోవద్దు. తెలుగు మాధ్యమంలో చదివినందువల్ల వెనుకబడ్డామని కొందరు బాధపడుతుంటారు. వార్డులో కంటతడితో నిలుచున్న తల్లికి ఆమె మాటలోనే విషయం బోధపరచగలిగిన రోజున, ఈ పాఠశాల మనకిచ్చినది ఏమిటో తెలిసివస్తుంది.

చిన్నారులారా! మీలో ఎందరికో పసితనంలో ఆ చుక్కలు పడే ఉంటాయి. ఆ చుక్కల వెనుక ఢిల్లీ శిశువులు, వెల్లూరు తల్లులు, హైదరాబాదు కార్మికులు, పేరు తెలియని వేల కుటుంబాలు ఉన్నాయి. వారికి మీరు ఋణపడి ఉన్నారు. బాగా చదువుకొని, అర్థం కానిది అడిగి, తెలిసినది నలుగురికీ అర్థమయ్యేటట్లు చెప్పడమే ఆ ఋణం తీర్చుకునే మార్గం.

ఈ విద్యాలయం శతవార్షికోత్సవాన్ని కూడా ఇదే భాషలో, ఇంతకన్న నిండుగా జరుపుకోవాలని కోరుకుంటున్నాను.